ఎర్రలంకలో తలుపు తీసే మనిషి

మొదటి నమోదు, సోమవారం

కంపెనీవాళ్ళు రోజూ నాలుగు ముక్కలు రాయమన్నారు. షెడ్డుకు కొత్త తలుపుయంత్రం బిగిస్తారట. పది రోజులు వాడి చూసి, నచ్చితే ఉంచుకోవచ్చు, నచ్చకపోతే ఊడదీసి పట్టుకుపోతారు. ఈలోపు వాడినవాళ్ళ అనుభవాలు ఈ పలకలో నమోదు చెయ్యాలి. నాలుగు ముక్కలతో ఆపడం మా వంశంలో లేదు కాబట్టి చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

నా పేరు భ్రమరాంబ. ఎర్రలంక మూడో వరసలో చివరి ఇల్లు మాది. గోదావరి లంకల్నుంచి వచ్చినవాళ్ళు పెట్టుకున్న పేరు కాబట్టి లంక అన్నారు గానీ చుట్టూ చుక్క నీరు లేదు, ఉన్నదంతా ఎర్రదుమ్మే. నీళ్ళు కావాలంటే బండి కట్టుకుని మంచుగట్టుదాకా పోవాలి. గట్టును కోసి, దిమ్మలు తెచ్చి, కరిగించి, వడకట్టుకుని తాగాలి. ఆ బండి ఒకరోజు మా ఆయన తాతారావు నడుపుతారు, ఒకరోజు పక్కింటి గణేశ్వర్రావు. రెండిళ్ళకూ కలిపి ఒకటే బండి, ఒకటే షెడ్డు, ఒకటే తలుపు. ఆ తలుపు తీసేది మాత్రం ఎవరి వంతైనా నేనే.

తలుపు లోపలినుంచే లేస్తుంది. బయట గొళ్ళెం పెడితే దుమ్ము తినేస్తుందని పెట్టలేదు. షెడ్డును ఆనుకుని ఒక బుల్లి అద్దాల గది ఉంటుంది, అందులో ఇనప చక్రం. ముందు షెడ్డులో గాలి తోడెయ్యాలి. తరవాత చక్రం తిప్పి తలుపు ఎత్తాలి. బండి వెళ్ళాక దించాలి. సాయంత్రం బండి తిరిగొచ్చి దీపం ఆర్పి వెలిగిస్తే మళ్ళీ మొదలు. ఈ నేలమీద అన్నీ తేలికే, బియ్యం బస్తా చంకలో పెట్టుకుని నడిచేస్తాం. ఈ తలుపుకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

అంటే బండి బయట ఉన్నంతసేపూ లోపల ఒక మనిషి ఉండి తీరాలి. వచ్చిన కొత్తలో మా ఆయన "ఓ రెండ్రోజులు నువ్వు లోపలుండు, తరవాత మార్చుకుందాం" అన్నారు. ఇక్కడి లెక్కలో ఆరేళ్ళయింది. భూమ్మీద ఉన్న మా అమ్మ లెక్కలో పదకొండు దాటాయి. గణేశ్వర్రావుకు పెళ్ళి కాలేదు, వాళ్ళమ్మ అచ్చియమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, కాబట్టి ఇంకెవరూ లేరు. నాకు బండి నడిపే లైసెన్సు ఉంది. ఏటా తెర ముందు కూర్చుని పరీక్ష రాసి మరీ కొత్తది చేయించుకుంటాను. మంచుగట్టు మాత్రం ఇంతవరకు చూడలేదు.

ఎలా ఉంటుందండీ అని అడిగితే మా ఆయన "ఏముందే, మంచు" అంటారు. అన్నం కలుపుకుంటూ అంటారు.

కొత్త యంత్రం బండిని గుర్తుపట్టి తనంతట తనే తలుపు ఎత్తుతుందట. లోపల మనిషి ఉండక్కర్లేదు. అందుకే రెండిళ్ళవాళ్ళనీ సతాయించి మరీ తెప్పిస్తున్నాను. రెండిళ్ళూ ఒప్పుకుంటేనే అది ఉంటుంది. అది ఉంటే నేను బండెక్కి వెళ్ళి ఆ గట్టు చూస్తాను. నాకు కావలసింది అంతే, దాచుకోవడానికేమీ లేదు.

రెండో నమోదు, మంగళవారం

యంత్రం బిగించడానికి కంపెనీ ఉండే పెద్ద గుమ్మటంనుంచి రెబ్కా అనే అమ్మాయి వచ్చింది. మాటకారి. మా గోంగూర మడులు చూసి ముచ్చటపడి, వెళ్ళేటప్పుడు ఒక కట్ట పట్టుకుపోయింది. యంత్రం పేరు ద్వారపాలక్. చూడ్డానికి గుండ్రటి డబ్బా, మధ్యలో పచ్చ దీపం. కరెంటు పోతే పనికొస్తుందని పాత చక్రం అలాగే ఉంచింది. మా ఆయన సంతలో దూడను చూసినట్టు డబ్బా చుట్టూ తిరిగి తిరిగి చూశారు.

అచ్చియమ్మగారు కర్ర ఊతంతో వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు. "తాను దూర సందు లేదు, మెడకో డోలన్నట్టు, తాగే నీళ్ళకే కటకటగా ఉంటే ఇదెందుకే భ్రమరం?"

"నీళ్ళు తెచ్చే బండికేనండీ పిన్నిగారూ ఇది."

"బండికా, నీకా?" అన్నారావిడ. ఆవిడకు మోకాళ్ళు అరిగాయి గానీ కళ్ళు అరగలేదు.

రెబ్కా వెళ్ళిపోయాక మా ఆయన మొహానికి అద్దమున్న గాలిటోపీ బిగించుకుని బండెక్కారు. "ఎళ్ళొస్తానే" అని నాకు చెయ్యూపారు. షెడ్డులో గాలి అంతా పోయింది. నేను ఆనందం పట్టలేక చక్రానికి దూరంగా, చేతులు కట్టుకుని నిలబడ్డాను. అప్పుడు డబ్బాలోంచి ఒక మగగొంతు, ఆయన టోపీలోనూ వినపడేలా, చాలా మర్యాదగా, "ఎక్కడికి వెళ్తున్నారు?" అని అడిగింది.

బయల్దేరే మనిషిని అలా అడగొచ్చా? ఆయన మొహం అద్దంలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. తమలపాకులో సున్నం ఎక్కువైనట్టు పెట్టారు. ఒక్క మాట మాట్లాడకుండా మళ్ళీ గాలి నింపమని సైగ చేసి, బండి దిగి, ఇంట్లోకి వచ్చి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, బల్లమీద కాసేపు కూర్చుని, మళ్ళీ బయల్దేరారు. డబ్బా మళ్ళీ అడిగింది. మళ్ళీ దిగారు, మళ్ళీ తాగారు, మళ్ళీ కూర్చున్నారు. మూడోసారి అడిగేసరికి ఒళ్ళు మండి "నీ మొహంలోకి" అన్నారు. ఆ పేరుతో ప్రదేశం లేదని డబ్బా చెప్పింది.

మధ్యాహ్నమయ్యేసరికి నీళ్ళు తేవాల్సిన మనిషి ఇంట్లో ఉన్న నీళ్ళు సగం తాగేశారు. బండి ఇవాళ షెడ్డు దాటలేదు.

మూడో నమోదు, బుధవారం

ఇవాళ గణేశ్వర్రావు వంతు. అతను కొత్తకాలం మనిషి. "ఇయ్యన్నీ మూఢనమ్మకాలు వదినా, అన్నయ్య మరీను" అని నవ్వుతూ బండెక్కాడు. డబ్బా అడగ్గానే "మంచుగట్టుకి" అని గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పాడు. తలుపు గాజుల చప్పుడంత కూడా లేకుండా లేచింది. ఏళ్ళ తరబడి ఆ తలుపు లేవడం చూస్తున్నాను గానీ, నేను తిప్పకుండా లేవడం అదే మొదలు. చప్పట్లు కొట్టాను.

దారి మధ్యలో బండి ముందుచక్రం బేరింగు పోయింది. రెండో వరసవాళ్ళు వెళ్ళి తాడుకట్టి లాక్కొచ్చారు.

ఆ బేరింగు పోయిన నెలనుంచీ కీచుమంటూనే ఉంది. మార్పించండి అని నేను చెబుతూనే ఉన్నాను. కానీ ఇప్పుడు బేరింగు మాట ఎవరికి కావాలి? "చెప్పేనా లేదా?" అని అచ్చియమ్మగారు కర్రతో నేలమీద కొట్టారు. అందరికంటే విడ్డూరం గణేశ్వర్రావు. నమ్మనివాడు నమ్మడం మొదలుపెడితే ఆపడం కష్టం. బండి దిగినవాడు దిగినట్టే వచ్చి వాళ్ళమ్మ చేత ఉప్పు దిష్టి తీయించుకున్నాడు. ఉప్పు కూడా మా ఇంట్లోదే.

నీళ్ళ తొట్టి అడుగు కనిపిస్తోంది. స్నానాలు బంద్. గోంగూర మడులకు సగం నీళ్ళే పోశాను, ఆకులు తలకాయలు వేలాడేశాయి. రాత్రికి బేరింగు మార్చి, రేపు డబ్బా ఆపేసి పాత పద్ధతిలో వెళ్తామని మగవాళ్ళిద్దరూ తీర్మానించారు. పాత పద్ధతి అంటే నేను.

నాలుగో నమోదు, శనివారం

రెండ్రోజులు రాయలేదు. భుజం నొప్పి. పచ్చ దీపంతో కొత్త డబ్బా గోడమీద మెరుస్తూ ఉంటే, దానికింద నిలబడి నేను చక్రం తిప్పాను. పెళ్ళికి వచ్చి వంటింట్లో గిన్నెలు తోమినట్టుంది. కోపం వచ్చిందని ఇక్కడ స్పష్టంగా నమోదు చేస్తున్నాను.

ఇవాళ పొద్దున్న రెబ్కాకు తెరలో కాల్ చేశాను. "అమ్మాయ్, ఆ ప్రశ్న తీసెయ్యడం కుదరదా?"

"కుదరదండి ఆంటీ. ఎంత గాలి పట్టుకెళ్ళాలో, ఎప్పటికి రాకపోతే గోల చెయ్యాలో దానికి తెలియాలి కదండి. అడక్కుండా తలుపు తియ్యదు."

"మావాళ్ళు చచ్చినా జవాబు చెప్పరు."

రెబ్కా నవ్వింది. వాళ్ళ నాయనమ్మ ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే విశ్వాసి అయినా, గేటు దగ్గర ఎవరైనా ఎక్కడికని అడిగితే వెనక్కొచ్చి కూర్చునేదట. "ప్రార్థన చేసుకుని మరీ కూర్చునేదండి" అంది.

"మరి ఎవరైనా తెలుసుకోవాలంటే ఎలా అడిగేవారు ఆవిణ్ణి?" అన్నాను.

అది నేనేదో ఉపాయంతో అడిగింది కాదు. నోటికొచ్చి అడిగాను. "దూరమా అమ్మా, అనేవాళ్ళండి" అంది రెబ్కా.

అవును కదా! మా వీధిలోనూ అంతే. అరుగుమీద కూర్చున్న పెద్దవాళ్ళు "దూరమా?" అనేవారు. ఎక్కడికంటే కీడు, దూరమా అంటే కాదు. ఎందుకని నన్నడక్కండి, మా అమ్మమ్మకీ తెలియదు. కానీ దూరమా అంటే మనిషి ఆగి, "లేదండీ, సంతదాకా" అని తనే చెప్పేవాడు. అడగాల్సింది అడిగినట్టూ ఉండేది, ఆపినట్టూ ఉండేది కాదు.

దూరం తెలిస్తే నీ డబ్బాకు సరిపోతుందా అని అడిగాను. సరిపోతుందట. ప్రశ్నను మనకు కావలసిన మాటల్లో, కావలసిన గొంతుతో ఎక్కించుకోవచ్చు కూడానట. ఆ సంగతి ఇచ్చిన చిన్న పుస్తకంలో ఉందట. ఆ పుస్తకాన్ని మా ఆయన బల్ల కాలుకింద ఎత్తు పెట్టారు.

ఐదో నమోదు, సోమవారం

ఎవరి గొంతు ఎక్కించాలన్నది పెద్ద చర్చ అవ్వాల్సింది గానీ, నేను అవ్వనివ్వలేదు. నిన్న పొద్దున్నే సరాసరి అచ్చియమ్మగారి దగ్గరికి వెళ్ళాను. "పిన్నిగారూ, బయటికెళ్ళేవాళ్ళని పద్ధతిగా అడగడం మీకు తెలిసినట్టు ఈ వరసలో ఎవరికీ తెలీదు. ఆ డబ్బాకి కాస్త బుద్ధి చెప్పండి" అన్నాను.

ఆవిడ ఒక్క నిమిషం బెట్టు చేశారు. తరవాత ముడి సరిచేసుకుని, పెట్టె అడుగునుంచి పట్టుచీర తీయించి కట్టుకుని వచ్చారు. "గొంతే కదమ్మా, చీరెందుకూ?" అన్నాడు గణేశ్వర్రావు. "గొంతులో తెలుస్తదిరా" అన్నారావిడ.

డబ్బా దగ్గర మూతి పెట్టి, "దూరమా బాబూ?" అన్నారు. చాలా బాగా వచ్చింది. నేను మీట నొక్కి ఆపేలోగా ఆవిడ ఆపకుండా, "చద్దన్నం తిన్నావా? టోపీ గట్టిగా బిగించుకున్నావా? గబుక్కున రా" అని కూడా అనేశారు. అంతా ఎక్కిపోయింది. తీసేద్దామంటే ఎలాగో మాకు తెలియలేదు, తెలిసినా ఆవిడ ఒప్పుకునేవారు కాదు.

ఇవాళ గణేశ్వర్రావు బండెక్కాడు. వాళ్ళమ్మ గొంతు దూరమా అని అడిగింది. "లేదమ్మా, గట్టుదాకా" అన్నాడు. తిన్నావా అని అడిగింది. తిన్నానన్నాడు. టోపీ సంగతి అడిగింది. బిగించుకున్నానే బాబూ అని విసుక్కున్నాడు. అప్పుడు తలుపు లేచింది. అచ్చియమ్మగారు అద్దాల గదిలో కుర్చీ వేసుకుని, తన గొంతుకు కొడుకు జవాబు చెప్పడం వింటూ మురిసిపోయారు. "పర్లేదే భ్రమరం, తలుపు పనిమంతురాలే. ఉంచుకుందాం" అన్నారు.

మధ్యాహ్నానికి రెండో వరసవాళ్ళు కూడా వినడానికి వచ్చి వెళ్ళారు. సాయంత్రానికి బండి నిండా దిమ్మలు వచ్చాయి. ఇంటిల్లిపాదీ తలంట్లు పోసుకున్నాం. గోంగూర తలకాయలెత్తింది. ఒక ఇల్లు ఒప్పుకుంది, ఇంకొక ఇల్లు నాదే కదా అని నేను పాటలు పాడుకుంటూ పప్పు పోపు పెట్టాను.

భోజనాల దగ్గర మా ఆయన, "శుక్రవారం ఆ అమ్మాయొస్తే, ఆ డబ్బా పట్టుకుపొమ్మని చెప్పేద్దాం" అన్నారు.

ఆరో నమోదు, మంగళవారం

నిన్న పలక అక్కడితో మూసేశాను. గరిటె విసిరేశానని రాయడం ఇష్టంలేక.

విసిరింది ఆయనమీద కాదు, గిన్నెలోకే. "కారణం చెప్పండి" అన్నాను.

"కారణవేంటే, అందులో ఏదో... నాకు నచ్చలేదు."

"ప్రశ్న మారిపోయింది. శకునం లేదు, తప్పు లేదు. బండి పోయొచ్చింది. మరి నచ్చకపోవడమేంటి?"

చాలాసేపు పప్పులో వేలు తిప్పుతూ కూర్చున్నారు. ఆయనకు మాటలు తొందరగా రావు. వచ్చినప్పుడు మాత్రం సూటిగా వస్తాయి. "రేపు నువ్వూ బండెక్కుతావు. లోపల మనిషుండదు. మనవిద్దరం బయటుండగా ఈ డబ్బా తలుపు తియ్యనని కూర్చుంటే? సరే, తీస్తదే అనుకో. గట్టుమీంచి వచ్చేప్పుడు దుమ్ములో ఏవీ కనపడదు. దగ్గరికొచ్చి దీపం ఆర్పి వెలిగిస్తే, తలుపు కదుల్తది. అద్దంలో నువ్వు కనపడతావు. అప్పుడు నాకు ఇల్లొచ్చినట్టు. అద్దంలో ఎవరూ లేకుండా తలుపు లేస్తే, అది ఎవరిల్లో అనిపిస్తదే భ్రమరం."

ఇంకే ఆడదైనా కరిగిపోయేది. నేనూ కరిగాను, కాదనను. కానీ కరిగినదంతా మరుక్షణం మరిగింది.

"అద్దం అవతలినుంచి మీకు నేను కనపడతాను. అద్దం ఇవతలినుంచి నాకేం కనపడతాదో ఎప్పుడైనా అనుకున్నారా?"

"ఏం కనపడతాది?"

"మీ బండి వెనకభాగం. ఈ ఎర్రలంకొచ్చి నేను చూసిందంతా అదే. కిటికీ లేని పెట్టెలో దింపారు, దిగినకాణ్ణించి ఈ గోడల్లోనే ఉన్నాను. ఇంత దూరం వచ్చి ఈ నేల ఎలా ఉంటదో నాకు తెలీదండీ. నన్నెవరైనా అడిగితే, మట్టి కొట్టుకుపోయిన రెండు ఎర్ర దీపాలు, మధ్యలో ఒక సొట్ట అని చెప్పాలి."

నేను లేచి చెయ్యి కడుక్కున్నాను. భయం తప్పని నేను అనడం లేదు. ఆ తలుపు తెరుచుకోకపోతే ఏమవుతుందో ఇక్కడ పసిపిల్లలకీ తెలుసు. కానీ ఆయన భయానికి నేను తాళంకప్పను కాదు కదా.

ఏడో నమోదు, బుధవారం

ఇంట్లో మాటల్లేవు. ఆయన గోంగూరతో మాట్లాడుతున్నారు. నేను వడకట్టు జల్లెడతో మాట్లాడుతున్నాను. "ఉప్పు ఎక్కడుందో ఎవరైనా చెబితే బావుణ్ణు" అని ఆయన మడికి చెప్పారు. "పై అరలో ఉన్న ఉప్పు పై అరలోనే ఉంటది" అని నేను జల్లెడకు చెప్పాను.

సాయంత్రం అచ్చియమ్మగారు పిలిచి కూర్చోబెట్టి, జంతికలు పెట్టారు. గోడలు పలచన, అంతా వినపడే ఉంటుంది. "నీకెళ్ళాలనుందని మొగుడికి ఎప్పుడైనా చెప్పేవటే?" అని అడిగారు.

"గట్టు ఎలా ఉంటదని రోజూ అడుగుతానే ఉన్నానండీ."

"అది అడగడం. చెప్పడం కాదు. మనసులో అనుకుంటే మొగుళ్ళకి వినపడదమ్మా. నేను నలభై ఏళ్ళు అనుకున్నాను, ఆయనకి ఒక్కటీ వినపళ్ళేదు." ఇంకో జంతిక నా చేతిలో పెట్టి, "మొన్న రాత్రి చెప్పేవుగా. కాస్త నాననీ" అన్నారు.

ఆవిడ మాట నాకు నచ్చలేదు, నచ్చనంత మాత్రాన అబద్ధం కాదు. జంతికలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి.

ఎనిమిదో నమోదు, గురువారం

రేపు రెబ్కా వస్తుంది. ఉంచుతామా తీసేస్తామా అని అడుగుతుంది. రెండిళ్ళవాళ్ళూ డబ్బాకింద ఉన్న మీటల్లో ఏదో ఒకటి నొక్కాలి. అచ్చియమ్మగారు ముందే నొక్కేశారు. మాది మిగిలింది.

పొద్దున్న మా ఆయన టోపీ తీసుకున్నారు. ఇవాళ ఆయన వంతు. నేను అద్దాల గదివైపు నడిచాను, అలవాటు కాలికి ఉంటుంది కదా. వెనకనుంచి వచ్చి టోపీ నా చేతిలో పెట్టారు.

"ఇవాళ నువ్వెళ్ళు. గణేశ్వర్రావు పక్కనుంటాడు, దిమ్మలు అతను కోస్తాడు. దారి అతనికి తెలుసు."

"మరి మీరు?"

"లోపలుంటా."

"యంత్రం ఉంది కదండీ."

"ఉండనీ. నేనూ ఉంటా." అని నా టోపీ పట్టీ తనే బిగించారు. బాగా గట్టిగా బిగించారు, చెవులు నొప్పెట్టాయి.

బండెక్కి కూర్చున్నాను. అచ్చియమ్మగారి గొంతు నన్ను కూడా బాబూ అనే పిలిచి, దూరమా అని అడిగింది. "దూరమేనండీ" అన్నాను. చద్దన్నం తిన్నావా అంటే తిన్నానని అబద్ధం ఆడాను. కంగారులో పొద్దున్నించీ ఏమీ దిగలేదు. తలుపు లేచింది. నేను దాని కిందనుంచి వెళ్ళాను.

ముందు ఏం చెప్పాలో తెలియడం లేదు. పైన ఏమీ లేదు. గోడ లేదు, కప్పు లేదు. ఎర్రనేల అలా పోతూనే ఉంది, దాని చివర ఆకాశం పాలు తక్కువైన టీ రంగులో మొదలవుతోంది. సూర్యుడు చిన్నగా, ఎవరినీ ఇబ్బంది పెట్టని మనిషిలా ఉన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే మా ఎర్రలంక మొత్తం కొన్ని దిబ్బలు, అందులో చిట్టచివరిది మా ఇల్లు. ఇన్నాళ్ళూ ఊడ్చి ఊడ్చి నడుం పడిపోయిన ఇల్లు అంతేనా అనిపించింది. గణేశ్వర్రావు "తిన్నగా పోనియ్ వదినా" అని చెప్పి నిద్రపోయాడు.

తిన్నగా పోనిచ్చాను. మట్టిదిబ్బ ఒకటి ఎక్కి దిగేసరికి గట్టు కనిపించింది.

మా ఊరి ఏటిగట్టంత ఉంటుందనుకున్నాను. కాదు. తల వెనక్కి వంచినా పైభాగం కనపడలేదు. పైన ఎర్రమట్టి, దాని కింద నీలం, దాని కింద తెలుపు, మధ్యలో దుమ్ము చారలు. ఇటు చివరనుంచి అటు చివరదాకా అదే. కిందటి రోజు రంపంపెట్టి కోసిన చోట లేతకొబ్బరిలా మెరుస్తోంది. మేం రోజూ తాగేది దీన్ని. అంట్లు తోమేది దీనితో. టోపీలోపల ఏడిస్తే తుడుచుకోవడానికి ఉండదని నాకు తెలియదు. కళ్ళు మసకబారితే ఆగి, ఆరేదాకా కూర్చుని, మళ్ళీ చూశాను. చాలా సంతోషపడ్డాను. దిమ్మలు కోయడం అతని పని అన్నా వినకుండా ఒక దిమ్మ నేనే కోశాను. వంకరగా వచ్చింది.

తిరిగొచ్చేసరికి దుమ్ము లేచింది. ఆయన చెప్పినట్టే ఏమీ కనపడలేదు. షెడ్డు ముందుకు వచ్చి ఆపాను. యంత్రం గుర్తుపట్టాలి కదా, తలుపు కదల్లేదు. అలవాటు ప్రకారం దీపం ఆర్పి వెలిగించాను. తలుపు జానెడు లేచింది. ఆగింది. మళ్ళీ కాస్త లేచి, కాస్త జారి, మళ్ళీ ఆగింది.

"డబ్బాకి నడుం పట్టేసినట్టుంది వదినా" అన్నాడు గణేశ్వర్రావు, అప్పటికి పూర్తిగా లేచి.

తలుపు సగం లేచేసరికి అద్దం కనిపించింది. పచ్చ దీపం ఆరిపోయి ఉంది. కింద మా ఆయన, చొక్కా వంటికి అంటుకుపోయి, రెండు చేతులతో చక్రాన్ని పట్టుకుని దాదాపు వేలాడుతున్నారు. కాలు గోడకు తన్నిపెట్టి లాగుతున్నారు. పక్కన కుర్చీలో అచ్చియమ్మగారు కర్ర ఊపుతూ ఏదో అంటున్నారు, ధైర్యమో తిట్లో తెలియలేదు. బండి పట్టేంత ఎత్తు లేచాక లోపలికి పోనిచ్చి, గాలి నిండగానే టోపీ ఊడబీక్కుని గదిలోకి పరిగెత్తాను.

"పాడయిపోయిందాండీ?"

"లేదే." నేలమీద కూలబడి రొప్పుతున్నారు. "నేనే ఆపేను."

"ఎందుకూ? బుద్ధుందా మీకు?"

"ఇన్నేళ్ళూ నువ్వు తిప్పేవు కదా. ఎంత బరువో చూద్దావని."

ఆయన అరచేతులు తిప్పి చూశాను. రెండూ బొబ్బలెక్కాయి.

"రోజూ రెండుసార్లు తిప్పేదానివా?" అని అడిగారు.

"ఎత్తడం రెండుసార్లు. దించడం రెండుసార్లు."

"దించడం కూడానా" అన్నారు ఆయన, ఆ సంగతి ఎప్పుడూ తట్టనట్టు. నిజంగానే తట్టలేదు. బండి లోపలికి వచ్చాక ఆయన వెనక్కి తిరిగి చూసింది ఎప్పుడని? అచ్చియమ్మగారు కొడుకును వెంటబెట్టుకుని, చప్పుడు చెయ్యకుండా తమ ఇంటివైపు వెళ్ళిపోయారు. ఆవిడ చప్పుడు చెయ్యకుండా వెళ్ళడం నేను చూడటం అదే మొదలు.

ఆయన భుజాలకు నూనె రాస్తూ గట్టు గురించి చెప్పాను. నీలం ఎక్కడ మొదలవుతుందో, చారలు ఎలా వంగాయో, కోసినచోట వెలుగు ఎలా లోపలికి వెళ్ళిందో అంతా చెప్పాను. ఏళ్ళ తరబడి అక్కడికి వెళ్ళొచ్చిన మనిషి నోరు తెరుచుకుని విన్నారు. "నీలం కూడా ఉందేంటే?" అని అడిగారు. ఆదివారం ఇద్దరం కలిసి వెళ్దాం, చూపిస్తానన్నాను. భయంగానే ఉంటుంది, అయినా వస్తానన్నారు.

తరవాత ఆయన లేచి, అద్దాల గదిలోకి వెళ్ళి డబ్బా ముందు నిలబడ్డారు. నేనూ వెనకే వెళ్ళాను. ఉంచుకుంటాం అనే మీట కాస్త ఎత్తులో ఉంది. ఆయన చెయ్యి భుజందాకా కూడా లేవలేదు. నన్ను నొక్కమంటారేమో అనుకున్నాను, అనలేదు. అందుకని ఆ మోచేతికింద నా చెయ్యి పెట్టి, మెల్లిగా పైకి ఎత్తాను. ఆయనే నొక్కారు.